ఏడింటిలో నాలుగవది

ముందుగా కబురు చేయకుండా ఒకరి ఇంటికి వెళ్ళడం మర్యాద కాదని నమ్మేవాళ్ళలో నేనొకణ్ణి. అందుచేత పోయిన నెల ఒకనాటి సాయంకాలం గుమ్మంలో ఒక అపరిచిత స్త్రీ నిలబడి, పాత దిండు గలీబులో చుట్టిన పొడవాటి వస్తువును రెండు చేతులతో పట్టుకొని, "ముక్తేశ్వరరావు సార్ మీరేనా" అని అడిగినప్పుడు నా జవాబులో బిరుసుదనం ఉండే ఉంటుంది. ఆమె నొచ్చుకోలేదు. "మాది రాయచోటి పక్క సార్. నా పేరు భారతి. ఓబుళమ్మ కూతుర్ని" అంది. ముప్పై ఏళ్ళకు పైగా నా ఎదుట ఎవరూ పలకని పేరు అది. నేను తలుపు రెక్క పట్టుకొని నిలబడ్డాను. తల్లి పోయి ఏడాదయిందని, తానూ కువైట్‌లో ఫింటాస్‌లోనే ఒక ఇంట్లో పని చేస్తున్నానని, మంగఫ్‌లో ఉన్న నా పూర్వ విద్యార్థి ఒకడు ఈ చిరునామా ఇచ్చాడని ఆమె చెప్పింది. "మూడింటికే దిగినా సార్ బస్సు. ఆ మూల టీ అంగడి కాడ కూసున్నా. అయిదు దాటినాకనే ఇయ్యాలని మాయమ్మ మరీ మరీ చెప్పింది. ఎందుకో నాకి తెలీదు." నాకు తెలుసు. గోడ గడియారం అయిదుంబావు చూపిస్తోంది.

గలీబు లోపల ఉన్నది ఏమిటో దాని పొడవును బట్టే గుర్తించాను. ఆ కాగితాన్ని ఆ కొలతకు కోసినవాణ్ణి నేనే. దాన్ని విప్పిన సంగతి చెప్పడానికి ముందు, ఫింటాస్‌లో ఓబుళమ్మా నేనూ తలదాచుకున్న ఆ ఇంటి సంగతి, అక్కడ నేను పాటించిన నియమాల సంగతి చెప్పాలి.

నియమాలు నాకు మా నాన్నగారి నుంచి సంక్రమించాయి. కోనసీమలో ఒక చిన్న ఊరి బడిలో ఆయన ఉపాధ్యాయులు. మా ఇంట్లో ప్రతి పనికీ గంట ఉండేది. తెల్లవారుజామున నూతి దగ్గర చన్నీళ్ళ స్నానం, ఏడింటికి తరవాణి అన్నం, పదింటికి బడి. ఉత్తరాలు మధ్యాహ్నం పన్నెండు గంటలకు వచ్చేవి. వాటిని ఆయన సాయంత్రం అయిదు గంటలకు గాని విప్పేవారు కారు. బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, ఇత్తడి గ్లాసులో కాఫీ తాగి, పడక కుర్చీలో కూర్చొని, కళ్ళజోడు తుడుచుకొని, అప్పుడు కవరు అంచు కత్తితో కోసేవారు. కువైట్ ఉద్యోగపు ఉత్తరువు వచ్చిన రోజున అది అలమారు మీద అయిదు గంటలసేపు ఉంది. మా అమ్మ దానివంక చూస్తూ వంటింట్లోకీ వసారాలోకీ తిరిగింది గాని చేత్తో తాకలేదు. కాగితం మనకోసం ఆగాలి, మనం కాగితం కోసం పరుగెత్తకూడదు అనేవారు నాన్నగారు. ఆ మాటను నేను నిగ్రహమనుకున్నాను. ఇరవై నాలుగేళ్ళ వయసులో పాలిటెక్నిక్ పట్టాతోపాటు దానినీ కువైట్‌కు పట్టుకుపోయాను.

అక్కడ ఒక చమురు కంపెనీ డ్రాయింగు ఆఫీసులో నేను నకలు గీసేవాణ్ణి. మంగఫ్‌లో కంపెనీ గదులు, గదికి నలుగురం, పొద్దున్నే కంపెనీ బస్సు. ఆఫీసులో ప్రింట్లు తీసే యంత్రం దగ్గర అమ్మోనియా ఘాటు ఎప్పుడూ కళ్ళల్లో నీళ్ళు తెప్పించేది. ట్రేసింగు కాగితం మీద నల్లసిరా గీత వణికితే బ్లేడుతో గీకి, గోటితో నునుపు చేసి, మళ్ళీ గీయాలి. అందరి పనినీ తనిఖీ చేసేవాడు కెల్లర్ అనే అమెరికన్, అరవై దాటిన మనిషి. ఆయన చేతిలో ఎర్ర పెన్సిలు తప్ప ఇంకొకటి చూసిన జ్ఞాపకం లేదు. తప్పు చుట్టూ సున్న చుట్టి, పక్కన చిన్న అక్షరాలతో దిద్దుబాటు రాసి, కింద పొడి అక్షరాల సంతకం, తేదీ, చివరికి గంట కూడా వేసేవాడు. గీసినవాడు తప్పు చేయవచ్చు, దాన్ని చూసి సంతకం పెట్టినవాడే బాధ్యుడు అనేది ఆయన సిద్ధాంతం. తొలి ఏడాదిలో నా షీటు ఒక్కటీ ఎర్రగుర్తు లేకుండా తిరిగి రాలేదు. అంతటి మనిషి ఒక శుక్రవారం నన్ను ఫింటాస్‌లోని తన ఇంటికి టీకి పిలిచినప్పుడు, పరీక్షకు వెళ్ళేవాడిలా ఇస్త్రీ బట్టలు వేసుకొని వెళ్ళాను.

ఆ ఇంటి హాలు గోడకు ఏడు చర్మాలు వేలాడుతున్నాయి. రెయిన్‌డీరు తోళ్ళను తెల్లగా శుభ్రం చేసి, చట్రాలలో బిగించి, వాటిమీద నల్లసిరాతో బొమ్మలు గీశారు. అవి ఆయన మామగారి చేతి పని. కెల్లర్ గారు యౌవనంలో అలాస్కా ఉత్తరపు ఒడ్డున చమురు బావుల్లో పని చేస్తూ, అక్కడి ఇనుపియాక్ జాతి అమ్మాయిని పెళ్ళాడాడు. ఆమె తండ్రి తన చిన్ననాటి బతుకునంతా ఆ తోళ్ళ మీద పెట్టి పెళ్ళికి బహూకరించాడు. మంచులో చిన్న బెజ్జం దగ్గర ఈటె పట్టుకొని, సీలు జంతువు ఊపిరి కోసం ఎప్పుడు పైకి వస్తుందా అని కదలకుండా కూర్చున్న వేటగాడు. కుక్కలు లాగుతున్న బండి. మంచు పగులులోకి తోలుపడవను దించి తిమింగలం మీదికి సాగుతున్న ఆరుగురు. పడవ చట్రానికి తోళ్ళు కుడుతున్న ఆడవాళ్ళు. పెద్ద తోలును అందరూ చుట్టూ పట్టుకొని లాగి, మధ్యలో ఒక మనిషిని ఆకాశంలోకి ఎగరవేసే పండుగ. తిమింగలాన్ని ఇంటింటికీ పంచుకోవడం. నేలలో తవ్విన మంచుగోతిలోకి నిచ్చెన మీద మాంసం దించుతున్న ముసలామె. వాటిలో నీడలు లేవు, దూరదగ్గరల లెక్క లేదు. నా చదువు ప్రకారం అవి తప్పు బొమ్మలు. అయినా గంటసేపు నేను టీ ముట్టలేదు. ఒక్క గీత కూడా రెండుసార్లు గీసింది కాదు. "తోలు మీద పడ్డ సిరాను గీకలేవు, రావూ. అందుకే ఆయన గీసేముందు చాలాసేపు ఊరికే కూర్చునేవాడు" అన్నాడు కెల్లర్ గారు. భార్య అప్పటికి చనిపోయి చాలా కాలమైంది. నాలుగో బొమ్మలో సూదికి నరపు దారం ఎక్కిస్తున్న చిన్నపిల్ల ఆవిడేనట. ఆ సంగతి ఆయన బొమ్మవైపు చూడకుండా చెప్పాడు.

1990 ఆగస్టులో ఇరాకీ సైన్యం వచ్చింది. మంగఫ్ గదుల్లో మొదటి వారమంతా ఎవరి మాట ఎవరూ వినలేదు. పాస్‌పోర్టులు కంపెనీ ఇనుప బీరువాలో ఉండిపోయాయి, బస్సు రాలేదు, ఆఫీసు కిటికీలు పగలగొట్టి మా డ్రాయింగు బల్లలను కూడా లారీలకు ఎత్తుకుపోయారు. అమెరికావాళ్ళనూ ఇంగ్లీషువాళ్ళనూ పట్టుకొని గుర్తు తెలియని చోట్లకు తరలిస్తున్నారని, వాళ్ళను ఇంట్లో దాచినవాళ్ళకు ఉరి అని చాటింపు వేశారు. భారతీయులను అంతగా అడ్డుకునేవాళ్ళు కారు. అందుకే కెల్లర్ గారు కబురు పంపినప్పుడు నేను నడిచి ఫింటాస్ చేరగలిగాను. అది ధైర్యమని ఎవరికీ చెప్పుకోలేదు. నాకు వేరే వెళ్ళవలసిన చోటు లేదు. పైగా ఆయన నా పై అధికారి, రమ్మన్నాడు.

ఓబుళమ్మ పక్క విల్లాలో పనిమనిషి. వయసు ముప్పై అయిదు దాటి ఉంటుంది. యజమాని కుటుంబం రెండో రోజునే కారులో సౌదీ సరిహద్దు వైపు వెళ్ళిపోతే, ఆమె కెల్లర్ గారి ఇంటికి వచ్చి చేరింది. "కారులో జాగా ల్యా. నన్ను కోళ్ళకు నీళ్ళు పెట్టమని చెప్పి మామా, అదే ఆ ఇంటామె, తాళాలు చేతిలో పెట్టింది. నా ఇఖామా, ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, ఆ ఇంటాయన కఫీల్ జోబీలోనే పోయ. కోళ్ళు నాలుగు దినాలకే అయిపోయినాయి, ఇంగ నేనుండాను" అని ఆమె మొదటిరోజు వంటింట్లో నాతో అంది. నేను ఆమెను ఓబుళమ్మగారండీ అని పిలిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "నాకి గారంట, మళ్ళా అండీ అంట. మీ గోదారోళ్ళు కూడు గూడా అండీ అని పిల్చే తింటారా అబ్బోడా?"

ఇంట్లో ఆయన ఉన్నట్టు చెప్పే ప్రతి వస్తువునూ నాశనం చేయడం మా తొలి పని. ఉత్తరాలు, ఫోటోలు, బూట్లు, పుస్తకాలు ఒక్కొక్కటిగా పెరట్లో కాల్చాము. చర్మాల దగ్గర ఆగిపోయాము. ప్రతి తోలు మీదా మామగారు కూతురి పేరూ అల్లుడి పేరూ సిరాతో రాశాడు. అది తోలులోకి ఇంకినది, చెరిపేది కాదు. దాచడానికి పొడి చోటు లేదు. తేమ తగిలితే అవి చేపనూనె వాసన కొడతాయి, ఆ వాసన వీధిలోకి పోతుంది. కెల్లర్ గారే కాల్చమన్నాడు. నేను ఆయన ముందు మొదటిసారి ఎదురు మాట్లాడి, నాలుగు రోజులు గడువు అడిగాను. నా పెన్నులు, సిరా, ట్రేసింగు కాగితపు చుట్ట నా దగ్గరే ఉన్నాయి. పగలు పన్నెండు గంటల వెలుగుంటే రోజుకు రెండు బొమ్మలు ఎత్తగలను. ఆయన "గురువారం దాకా" అన్నాడు.

ఆ నాలుగు రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. వీధిలో టాంకుల గొలుసుల చప్పుడుకు బల్ల మీద సిరా సీసా వణికేది. నేను మాత్రం గీత వెంట గీత నడిచాను. ఓబుళమ్మ పప్పు ఏరుతూ పక్కన కూర్చొని ప్రతి బొమ్మనూ విచారించేది. మనిషిని ఎగరేసే బొమ్మ చూసి, "దుప్పట్లో ఏసి ఎగరేస్తా ఉండారే, వాడేం తప్పు చేసినాడు పాపం?" అంది. అది పండుగ అని చెప్పాను. "అంత చలిలో అంతకంటే పండగేముంటాది లే" అని ఒప్పుకుంది. ఆడవాళ్ళు పడవకు తోళ్ళు కుట్టే నాలుగో బొమ్మ దగ్గర మాత్రం మాకు వాదం వచ్చింది. తోళ్ళు కలిసే చోట ముసలాయన వరుసగా చిన్న చిన్న గాట్లు పెట్టాడు. మా కాలవల్లో నావల చెక్కలకు ఇనుప మేకులు కొట్టడం చూస్తూ పెరిగినవాణ్ణి నేను. ఆ గాట్లు మేకుల తలలని తీర్మానించి, ప్రతి గాటునూ శుభ్రమైన చిన్న సున్నగా దిద్దాను. "అవి కుట్లప్పా. బొంతకు మేము ఏసేది అట్లనే గదా" అంది ఓబుళమ్మ. సూదులు పట్టినంత మాత్రాన పడవను బొంతలా కుట్టరని, చివరికి దాన్ని పట్టి ఉంచేవి మేకులేనని, ఈ విషయంలో నాకు శిక్షణ ఉందని చెప్పాను. ఆమె మళ్ళీ పప్పు ఏరుకుంది.

ఏడూ పూర్తయ్యాక నేను చేయవలసిన పని ఒకటే ఉందనుకున్నాను. ప్రతి షీటుకూ కుడివైపు అడుగున గడి గీసి, గీసినవారు, తనిఖీ చేసినవారు, షీటు సంఖ్య అని రాశాను. తనిఖీ గడి ఖాళీగా ఉంచాను. ఆయన పేరు ఎక్కడా ఉండకూడదు కదా. సంఖ్య గడిలో ఏడింటిలో ఒకటి, ఏడింటిలో రెండు అని వరుసగా వేశాను. సంఖ్య లేని షీటు తప్పిపోతుందని, మొత్తం ఎన్నో రాయని సంఖ్య సంఖ్యే కాదని మాకు కాలేజీలో నేర్పారు. మరుసటి రోజు చర్మాలను కాల్చాము. తోలు మండదు, ముడుచుకుంటుంది. ఏడూ ముడుచుకొని బొగ్గయ్యేదాకా కెల్లర్ గారు పెరట్లో కదలకుండా నిలబడ్డాడు. వెంట్రుకలు మాడినట్టు కంపు మూడు రోజులు ఇంటిని వదలలేదు.

వెనక పెరట్లో నేల కింద పాత నీళ్ళ తొట్టి ఉండేది. మేడ మీద కొత్తది కట్టాక దాన్ని ఎండగట్టి వదిలేశారు. ఆ ఇంటి ప్లాను ఒకప్పుడు నేనే నకలు గీసినందువల్ల నాకు తెలుసు. దాని మూతపైనే చాకిబండ ఉండేది. కెల్లర్ గారు పగలంతా ఆ తొట్టిలో ఉండాలని నిర్ణయించాము. గోడ పక్కనుంచి ఒక సన్నని గొట్టం ద్వారా గాలి పోయేది. బండ దగ్గర ఓబుళమ్మ రోజూ బట్టలు ఉతికేది. ఉతికిన బట్టలనే మళ్ళీ ఉతికేది. "ఆ బొమ్మలో బొక్క కాడ కాసుకోనుంటాడే ఒగడు, వాడి కింద సీలు మాదిరి ఉండాడు బాబా" అంది ఒకరోజు నురుగు చేతులతో. కెల్లర్ గారిని ఆమె అరబ్బు ఇళ్ళలో యజమానిని పిలిచినట్టు బాబా అనేది. "నాకి తెలీంది ఒగటే. పైన కూసున్నోళ్ళం మనమా, వాళ్ళా?" నేను వంటింటి అలమారు లోపల అంటించిన నా కాలనిర్ణయ పత్రం చూసుకొని, నీళ్ళ బిందెల వేళయిందని లేచాను. ఆరింటికి నీళ్ళు, ఎనిమిదింటికి రొట్టె వరుసలో నిలబడడం, పన్నెండింటికి సైనికులు ఎండకు నీడలు చూసుకునే వేళ మూత తీసి అన్నం దించడం, అయిదింటికి కాగితాలు. కాగితాలంటే మిగిలినవి నా ఏడు షీట్లు మాత్రమే. రోజూ అయిదింటికి వాటిని అట్టల సంచిలోంచి తీసి, లెక్క చూసి, మడతలు పడకుండా సర్ది, మళ్ళీ పెట్టేవాణ్ణి. ఆ ఒక్క పని లేకపోతే నాకు మతి నిలిచేది కాదు.

రెండో నెలకు ఆయన మాట తగ్గింది. అన్నం సగం తిరిగి వచ్చేది. కాళ్ళు వాచాయి. మూత తీసినప్పుడు వెలుతురుకు కళ్ళు మూసుకొని అలాగే ఉండిపోయేవాడు. ఒక మధ్యాహ్నం ఓబుళమ్మ నా దగ్గరికి వచ్చి, "బాబా ఆ సూదిపిల్ల బొమ్మ కావాలంటాడు" అంది. లోపలికి ఏ కాగితమూ వెళ్ళకూడదని నియమం. "నియమమంట. ఆయప్ప బతకాలని ఉండాదా లేదా నీకి?" అని ఆమె గొంతు హెచ్చించకుండా అడిగింది. ఆనాడు సంచి తెరిచి నాలుగో షీటు ఇచ్చాను. రాసే అలవాటు గల మనిషి, వేళ్ళు ఊరకుండవని, వంటింటి గూటిలో మిగిలిన ఒక ఎర్ర పెన్సిలు ముక్కను కూడా ఆమె కొంగులో వేసుకుపోయిన సంగతి నాకు తెలియదు.

మూడో రోజు మధ్యాహ్నం నేను హాల్లో కూర్చొని వారానికి ఉన్న బియ్యం పంపకం రాసుకుంటున్నాను. ఓబుళమ్మ ఖాళీ గిన్నెతో వచ్చి, రవికలోంచి మడిచిన షీటు సగం బయటికి తీసింది.

"బాబా ఇచ్చినాడు. రావుకు ఇప్పుడే ఇయ్యి అన్నాడు. ఇప్పుడే, ఇప్పుడే అని రెండు మార్లు అన్నాడు."

"అయిదింటికి ఇవ్వండి. కాగితాలు చూసే వేళ కాదిది."

"ఇప్పుడే అన్నాడప్పా."

"ఓబుళమ్మగారూ, ప్రతివాళ్ళూ తోచిన వేళకు తోచిన పని చేస్తే ఈ ఇల్లు నిలవదండి."

ఆమె షీటు మళ్ళీ రవికలో దోపుకొని చాకిబండ దగ్గరికి వెళ్ళింది. అప్పుడు సమయం పన్నెండు దాటి ఇరవై నిమిషాలు.

సైనికులు మూడున్నరకు వచ్చారు. నలుగురు, వాళ్ళ మీద ఒక యువ అధికారి. అంతకుముందు రెండుసార్లు వచ్చినవాళ్ళు టీవీనీ పరుపులనూ తీసుకుపోయారు గనుక పెద్దగా ఏమీ మిగలలేదు. గదులు తిరిగి, మేడ ఎక్కి దిగి, వెళ్ళిపోబోతుండగా ఆ అధికారి కంట నా అట్టల సంచి పడింది. అందులో షీట్లు తీసి కిటికీ వెలుగులో ఒక్కొక్కటీ చూశాడు. మొహంలో విసుగు పోయి, శ్రద్ధ వచ్చింది. బాగ్దాదులో ఇంజనీరింగు చదువుతుండగా సైన్యంలోకి పట్టుకొచ్చారని తనే ఇంగ్లీషులో చెప్పాడు. నా అక్షరాలను మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నాకు సంతోషం కలిగించిందని ఒప్పుకోక తప్పదు. ఆ తరువాత అతడు షీట్లను బల్ల మీద వరుసగా పరిచి, కుడి అడుగు మూలల మీద వేలు పెడుతూ వెళ్ళి, మూడు తరువాత ఆగాడు.

"నాలుగోది ఏది?"

సిరా ఒలికి పాడైందని చెప్పాను.

"పాడైతే మళ్ళీ గీస్తావు. ఇంత శుభ్రంగా రాసేవాడు వరుసలో ఖాళీ వదలడు." అతడు షీటు ఒకటి ఎత్తి వెలుగుకు పట్టాడు. "ఇది ట్రేసింగు. దేనిమీద పెట్టి ఎత్తావు? తనిఖీ గడి ఎవరి కోసం ఖాళీగా ఉంచావు?"

ఓబుళమ్మ గుమ్మంలో తడి చేతులతో నిలబడి ఉంది. అధికారి ఆమెను అరబ్బీలో అడిగాడు. "పొయ్యిలో పెట్టినా. నార్. ఖలాస్" అంది ఆమె తనకొచ్చిన అరబ్బీ కలిపి, నిప్పు, అయిపోయింది అని, రెప్ప వేయకుండా. ఆ క్షణంలో ఆ షీటు ఆమె గుండెల మీదే ఉంది. బయటికి తీసి ఇస్తే వరుస పూర్తయ్యేది. కాని దానిమీద ఆయన చేతి ఎర్ర అక్షరాలు ఉన్నాయని ఆమెకు తెలుసు. చదువు రాకపోయినా అవి ఎవరి చేతి రాతో తెలుసు.

వాళ్ళు నన్ను పెరట్లోకి తీసుకుపోయారు. నా కుడి చేతిని చాకిబండ మీద పెట్టించి, తుపాకి మడమతో ఒకసారి కొట్టి, మళ్ళీ అడిగారు. నేను ఏమీ చెప్పలేదు. అది స్థైర్యం కాదు, నొప్పికి నోట మాట రాలేదు. రెండోసారి మడమ ఎత్తినప్పుడు వాళ్ళ కాళ్ళ కింది నుంచి మూతను ఎవరో తట్టిన చప్పుడు వచ్చింది. మూడుసార్లు, నెమ్మదిగా, తలుపు తట్టినట్టుగా. సైనికులు వెనక్కి దూకారు. వాళ్ళే బండ జరిపి మూత తీశారు. కెల్లర్ గారు నిచ్చెన మీద సగం పైకి వచ్చి, వెలుతురుకు కళ్ళు మూసుకొని, ఎవరివైపో తెలియని దిక్కుకు తిరిగి, ఆఫీసులో మాట్లాడే గొంతుతో చెప్పాడు. "అతడు గీసేవాడు మాత్రమే. తనిఖీ చేసేవాణ్ణి నేను. బాధ్యత నాది." ఈ ఇద్దరినీ బెదిరించి పని చేయించుకున్నానని, వాళ్ళకు వేరే దారి లేకపోయిందని కూడా అన్నాడు. ఆ అధికారి నమ్మాడో లేదో నాకు తెలియదు. చాలాసేపు నా చేతిని చూశాడు. ఆరు షీట్లూ చుట్టి చంకలో పెట్టుకొని, "రెండు రోజుల్లో మీరిద్దరూ ఈ దేశంలో ఉండకూడదు" అన్నాడు. కెల్లర్ గారికి నడక రాలేదు. ఇద్దరు సైనికులు చంకల కింద చేతులు వేసి జీపు ఎక్కించారు. కాళ్ళకు చెప్పులు లేవు. బూట్లు మేమే కాల్చాము. ఆ తరువాత ఆయన ఏమయ్యాడో తెలుసుకోవడానికి నేను రాసిన ఉత్తరాలకు ఎక్కడినుంచీ జవాబు రాలేదు.

ఓబుళమ్మ తన కొంగు చింపి నా చేతికి కట్టు కట్టింది. నేను తేరుకున్నాక, ఆయన ఇచ్చిన కాగితం చూపించమని అడిగాను. ఆమె హాలు గోడకేసి చూసింది. గడియారాన్ని అంతకుముందే దోచుకుపోయారు, మేకు మాత్రం ఉంది.

"అయిదింటికి గదా నీకి కాగితాలు" అంది. "ఇంగా అయిదు కాలేదులే."

బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డానులోని అమ్మాను దాకా బస్సుల్లో వెళ్ళాము. ఎడారిలోని శిబిరంలో విమానం కోసం పన్నెండు రోజులు పడిగాపులు కాశాము. నీళ్ళు తెచ్చుకొనేటప్పుడు నా డబ్బా కూడా ఆమే నింపి తెచ్చి గుడారం ముందు పెట్టిపోయేది. మాట లేదు. ఒకనాడు కడప ఆడవాళ్ళ వరుసలో నిలబడి విమానం ఎక్కి వెళ్ళిపోయింది. నా బొటనవేలూ చూపుడువేలూ వంకరగా అతుక్కున్నాయి. ఇక సిరా పెన్ను పట్టలేక పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పే ఉద్యోగంలో చేరాను. ఇరవై తొమ్మిదేళ్ళు ప్రతి జట్టుకూ మొదటి రోజున చెప్పిన మాట ఒకటే, సంఖ్య లేని షీటు నేను ముట్టను అని. అది ఎందుకు చెప్పేవాణ్ణో, అలా చెప్పగలిగిన నోరు నాకు ఎలా వచ్చిందో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. ఈనాటి పిల్లలకు సిరా తెలియదు, బ్లేడు తెలియదు. తెర మీద ఏడును ఆరు చేయడానికి ఒక మీట చాలు, గీకిన మచ్చ కూడా ఉండదు. భారతి తన ఫోనులో ఫింటాస్ చూపించింది. మా ఇల్లు ఉన్న చోట ఎత్తైన భవనం, కింద కార్లు. ఆ తొట్టి ఏ కారు కింద ఉందో పోల్చుకోలేకపోయాను.

భారతి గలీబు విప్పింది. కాగితం తేనె రంగుకు తిరిగింది. మడతల దగ్గర చిట్లింది. "మాయమ్మ దీన్ని దేవుని పటాల ఎనక పెట్టుకోనుండె సార్. సూదిపిల్లను చూపించి, ఈ పాప మొగుడు చానా మంచోడు అని చెప్తా ఉండె. ఈ ఎర్రగా రాసిండేది ఏందో ఎవురినీ చదవనియ్యలేదు. మీరే చదవాలంట." నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. కుట్లను మేకులుగా దిద్దిన వరుస చుట్టూ ఎర్ర గీత ఉంది. పక్కన, "ఇవి మేకులు కావు. కుట్లు. ఆ స్త్రీ చెప్పింది నిజం" అని ఉంది. కింద, సంఖ్య గడి చుట్టూ ఇంకొక సున్న. పెన్సిలు అక్కడ కాగితం చిరిగేంత గట్టిగా నొక్కింది. "ఏడు అనే అంకెను అన్ని షీట్ల మీదా వెంటనే గీకివేయి. ఎవరైనా లెక్కపెడతారు. ఆలస్యం చేయవద్దు." తనిఖీ గడిలో పొడి అక్షరాల సంతకం, తేదీ. గంట పన్నెండుంబావు.

పైకి చదివి వినిపించాను. దాచకుండా మొత్తం చదివాను. పన్నెండుంబావుకూ మూడున్నరకూ మధ్య నేను ఏమి చేశానో కూడా ఆమెకు చెప్పాను. భారతి గలీబును మడిచి ఒళ్ళో పెట్టుకుంది. అయిదు దాటాక ఇవ్వమనడంలో తల్లి మనసులో ఉన్నది కోపమా, ఇంకేమైనానా అని అడిగాను. "నాకేం తెల్సు సార్" అంది. "పొయ్యే ముందు గూడా, ఆ అబ్బోనికి చెయ్యి బాగయిందో లేదో చూసి రా అనింది." తరువాత రాయచోటి బస్సు వేళయిందని లేచింది.

దిద్దుబాటు అందిన షీటును దిద్దకుండా ఉంచడం నా వృత్తిలో నేరం. ఆమె వెళ్ళాక పాత పెట్టెలోంచి బ్లేడు తీశాను. వంకర వేళ్ళతో మేకుల సున్నలను ఒక్కొక్కటిగా గీకి, గోటితో నునుపు చేసి, వాటి చోట గాట్లు పెట్టడానికి మూడు సాయంకాలాలు పట్టింది. గాట్లు వణికాయి. ఉన్నంతలో కుట్లలాగే ఉన్నాయి. నాలుగో సాయంకాలం ఏడు అంకె మీద బ్లేడు ఆనించాను. మిగిలిన ఆరు షీట్లూ లేవు. చర్మాలు లేవు, ఆ ఇల్లు లేదు, ఆయన లేడు, ఓబుళమ్మ లేదు. అవి ఏడు ఉండేవని చెప్పేది ఆ అంకె ఒక్కటే. బ్లేడు పక్కన పెట్టాను. ఆయన నాకు ఇచ్చిన ఆ ఆఖరి ఉత్తరువును నేను ఇంతవరకు అమలు చేయలేదు.